చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా పని. ఓ నాలుగేళ్ళ పాటు దీంతో పాటు ఇంకో పని కూడా చేశాను. చవక పిస్టల్స్ మీద ఇంగ్లీషులో రివ్యూలు రాశాను. మా తెలుగు క్రైస్తవ సంఘంలో చాలామందికి ఆ సంగతి తెలీదు. ఆదివారం బైబిల్ పట్టుకుని వచ్చే మనిషి శనివారం పొద్దున షూటింగ్ రేంజ్‌లో గన్ పేలుస్తుంటాడని చెప్పుకోవడం నాకూ కాస్త సిగ్గుగానే ఉండేది.

మొదలైంది మామూలుగానే. నా టీమ్‌లో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. ఒక శనివారం తనతో రేంజ్‌కి రమ్మన్నాడు. గుంటూరు పక్క పల్లెలో పుట్టిన నేను పోలీసు భుజాన వేలాడే తుపాకీ తప్ప ఇంకోటి చూసి ఎరగను. మొదటిసారి ఒక్కటి పేల్చి గన్ కింద పెట్టేశాను. రెండో వారం మళ్ళీ వెళ్ళాను. మూడో వారం నాకు తెలీకుండానే జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని వెళ్ళాను. ఎన్ని పేలాయి, ఎన్ని ఇరుక్కున్నాయి, ఏ రకం తూటా పెట్టినప్పుడు ఇరుక్కున్నాయి, అన్నీ గీతలు గీసి రాసుకున్నాను. టెస్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? గన్‌లంటే నాకు పిచ్చేమీ లేదు. పరీక్షించడం అంటే పిచ్చి.

అప్పటికి ఇంటర్నెట్‌లో నేను చదివిన రివ్యూలన్నీ ఖరీదైన వాటి మీదే. చవకవాటి గురించి రాసేవాళ్ళు వెక్కిరించడమో, ఆకాశానికెత్తడమో తప్ప ఇంకోటి చేసేవాళ్ళు కాదు. రాత్రి షిఫ్టు చేసే నర్సులు, కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, ఊరి బయట ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు... వీళ్ళు కొనేది చవకవే కదా, వీళ్ళకి నిజం చెప్పేదెవరు అనుకున్నాను. పేరు పెట్టకుండా ఒక సైట్‌లో రాయడం మొదలుపెట్టాను. మొదటి ఏడాది రాసినవి ఇప్పుడు చదివినా నాకు తలవంపు లేదు. ఎన్ని పేల్చానో, ఎన్ని విఫలమయ్యాయో, ఉన్నదున్నట్టు పెట్టాను.

తర్వాత పిస్టల్స్ దిగుమతి చేసే ఒక కంపెనీ వాళ్ళు నాకు ఈమెయిల్ రాశారు. మా పిస్టల్ ఒకటి మీ ఊళ్ళో గన్ షాపుకి పంపిస్తాం, అక్కడ కాగితాలు నింపి తీసుకోండి, మీకు నచ్చినట్టు రాయండి, అన్నారు. నచ్చినట్టే రాశాను. ట్రిగ్గర్ బాగాలేదని, గుండ్లు నిండిన మ్యాగజైన్ సగంసార్లు సరిగ్గా కూర్చోలేదని రాశాను. వాళ్ళు ఒక్క మాట అనలేదు, చాలా మర్యాదగా థాంక్స్ చెప్పారు. ఆ తర్వాత ఎనిమిది నెలల పాటు వాళ్ళ దగ్గర్నుంచి ఏదీ రాలేదు. ఆ ఎనిమిది నెలలూ వేరే రివ్యూవర్లు కొత్త మోడళ్ళు చూపిస్తుంటే నేను పాతవాటి గురించే రాస్తూ కూర్చున్నాను. చదివేవాళ్ళు తగ్గిపోయారు.

ఎవరూ నన్ను అబద్ధం రాయమని అడగలేదు. అడిగితే రాసేవాణ్ణి కాదేమో. మళ్ళీ పార్శిల్ వచ్చినప్పుడు నా వేళ్ళే కొన్ని మాటలు నేర్చుకున్నాయి. 'ఈ ధరకి' అనే మాట. 'మొదటి రెండు డబ్బాలు పేల్చాక సర్దుకుంటుంది' అనే మాట. 'బహుశా తూటాల లోపం' అనే మాట. ఇవి అబద్ధాలు కావు. ఆఫీసులో ఎవరైనా నా దగ్గరికి ఇలాంటి మాటలతో వస్తే, ఆ బగ్ తీరిపోయిందని ఒప్పుకుని నేను మూసేవాణ్ణి కాను. అదొక్కటే తేడా.

ఈ కథకి కారణమైన పిస్టల్ ఆ రెండో విడతలోనే వచ్చింది. చిన్నది, నల్లది, చేతిలో బాగా ఇమిడింది. రెండు వందల తూటాలు పేల్చాను. అందులో మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని ఊరుకుంది. తూటా వెనక మధ్యలో చిన్న బిళ్ళ ఉంటుంది. పిస్టల్ లోపలి సూది దాన్ని గట్టిగా గుద్దితేనే లోపల మందు అంటుకుంటుంది. ఆ మూడింటి మీదా సూది గుర్తు పడీ పడనట్టు ఉంది, గోటితో నొక్కినట్టు. అవి చవక తూటాలు కదా అనుకున్నాను. మరో కంపెనీ తూటాలతో మళ్ళీ చేసి చూడాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. చేయలేదు. రివ్యూలో మాత్రం ఇలా రాశాను: రెండు వందల రౌండ్లు, చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు.

మా సంఘంలో నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు ఒకడుండేవాడు. భీమవరం వైపు వాడు. నన్ను 'అన్నా' అనేవాడు, నేను 'తమ్ముడూ' అనేవాణ్ణి. ఆరాధనలో ఢోలక్ వాయించేవాడు. కాంట్రాక్ట్ ఉద్యోగం పోయాక, మళ్ళీ వెతుక్కోవడం ఇష్టంలేక, ఊరికి అరగంట దూరంలో హైవే పక్కన గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని ఉన్న చిన్న స్టోర్ తీసుకున్నాడు. భార్య ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేది. ఇద్దరూ అప్పటికే గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళు. తెల్లవారుజామున స్టోర్ తెరిచేది అతనే, చాలాసేపు ఒంటరిగానే ఉండేవాడు.

ఆ చలికాలం మొదట్లో అదే రోడ్డు మీద మరో స్టోర్‌లో దొంగతనం జరిగింది. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకడు క్లర్క్ తలమీద కొట్టాడు. క్లర్క్ బతికాడు గానీ ఒక కన్ను పోయింది. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, ప్లేట్లలో బిర్యానీ పెట్టుకుని నిలబడ్డప్పుడు, తమ్ముడు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"అన్నా, ఒకటి కొనాలనుకుంటున్నా. మీ రివ్యూలన్నీ చదివా."

"నేను రాస్తానని నీకెలా తెలుసు?"

"మీ రాత నాకు తెలీదా అన్నా? ఇంగ్లీషులో రాసినా మీరు మాట్లాడినట్టే ఉంటుంది." నవ్వాడు. "ఆ చిన్న నల్లది బాగుందన్నారుగా. అది తీసుకోనా?"

ఆ మూడు తూటాలు నాకు గుర్తొచ్చాయి. గుర్తు రాలేదని చెప్పుకుంటే సుఖంగా ఉండేది, కానీ వచ్చాయి. ఇప్పుడు చెబితే, మరి రివ్యూలో ఎందుకు రాయలేదు అంటాడు. నన్ను ఇంత నమ్మినవాడి ముందు ఆ ప్రశ్న వినబుద్ధి కాలేదు.

"తీసుకో తమ్ముడూ, పర్లేదు" అన్నాను.

కొన్నాక నేనే రేంజ్‌కి తీసుకెళ్ళాను. యాభై పేల్చాడు. యాభైకి యాభై పేలాయి. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. యాభయ్యోది పేలాక నా భుజాల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. చూశావా, తూటాల లోపమే, అనుకున్నాను. ఇంటికొస్తూ దార్లో ఇద్దరం కాఫీ తాగాం.

జనవరిలో ఒక పొద్దున, నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. రోడ్ల మీద ఐస్ ఉన్న రోజు.

"అన్నా, ఒకసారి రాగలరా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయమేసింది.

నేను వెళ్ళేసరికి స్టోర్ తలుపుకి 'క్లోజ్డ్' బోర్డు తగిలించి ఉంది. లోపల కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. కౌంటర్ మీద ఆ పిస్టల్. ప్యాంటు మోకాళ్ళు తడిసి ఉన్నాయి, చొక్కా చేతుల నిండా ఆరెంజ్ జ్యూస్ మరకలు.

జరిగింది ఇది. ఏడు గంటలప్పుడు ఒక పికప్ ట్రక్ తలుపు దగ్గరగా వచ్చి సర్రున ఆగింది. పొడుగాటి మనిషి ఒకడు ముఖం కనపడకుండా మఫ్లర్ చుట్టుకుని, తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒక చెయ్యి జాకెట్‌లో ఉంది. "ఇవ్వు! త్వరగా ఇవ్వు, ఏదో ఒకటి ఇవ్వు!" అని అరుస్తూ నేరుగా కౌంటర్ వెనక్కి వచ్చేస్తున్నాడు. జాకెట్‌లోంచి నల్లటిదేదో బయటికి తీస్తున్నాడు. తమ్ముడు సొరుగు లాగి, పిస్టల్ తీసి, అతని ఛాతీకి గురిపెట్టి నొక్కాడు.

టిక్ మంది.

ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తాడు. చేతిలోది కింద పడింది. ఫోన్. అందులోంచి అంబులెన్స్ వాళ్ళు 'హలో, హలో' అంటున్నారు. మఫ్లర్ జారి ముఖం కనపడింది. రోజూ పొద్దున కాఫీ కొనుక్కునే మనిషే. కోళ్ళఫారాలకి మేత తోలే డ్రైవరు.

"నా భార్య" అన్నాడు. "ట్రక్కులో. షుగర్ పడిపోయింది."

ఇతను పిస్టల్ అక్కడ పడేసి, ఫ్రిజ్‌లోంచి జ్యూస్ సీసాలు లాక్కుని, ఆ మనిషికంటే ముందు బయటికి పరిగెత్తాడు. ఐసు మీద మోకాళ్ళు ఆన్చి, ఆమె తల చేత్తో పట్టుకుని, గుక్క గుక్కగా తాగించాడు. ఆమెకి మింగే స్పృహ ఉంది, అదొక్కటే అదృష్టం. అంబులెన్స్ వచ్చేసరికి ఆమె తమ్ముణ్ణి 'నువ్వెవరు బాబూ' అని అడిగే స్థితికి వచ్చింది. భర్త అంబులెన్స్ వాళ్ళతో పిస్టల్ సంగతి చెప్పలేదు.

ఇదంతా చెప్పి, నన్ను అడిగాడు. "అన్నా, ఇది ఎందుకు పేలలేదు?"

పిస్టల్ తీసుకుని లోపలి తూటా బయటికి తీశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. చూడక్కర్లేదు, తెలుసు. గోటితో నొక్కినట్టున్న గుర్తు. నేను రేంజ్‌లో చూసినదే.

"తూటా బాలేదేమో తమ్ముడూ" అన్నాను.

రెండోసారి కూడా అబద్ధమే చెప్పాను.

తర్వాతి రెండు వారాలూ శని, ఆదివారాలు వెళ్ళి అతనితో కూర్చున్నాను. కస్టమర్ వచ్చినప్పుడల్లా తలుపు గంట మోగేది, అతని చేతులు కౌంటర్ అంచుని పట్టుకునేవి. పిస్టల్ మాత్రం అక్కడ లేదు. షెరిఫ్ ఆఫీసులో, అంటే ఇక్కడి పోలీసులకి, ఇచ్చేసి వచ్చాడు. జరిగింది కూడా చెప్పాడట. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇంటికెళ్ళమన్నారట. "వాళ్ళు ఏదో ఒకటి రాసుకుంటారనుకున్నా అన్నా" అన్నాడు. కేసు పెట్టనందుకు నొచ్చుకున్నట్టు ఉంది ఆ గొంతు.

రెండో శనివారం మధ్యాహ్నం ఆ డ్రైవర్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చేతిలో రేకు కాగితం చుట్టిన పొట్లం. నన్ను చూసి ఆగాడు. నేను బయటికి వెళ్ళబోతే తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీ ఆవిడకి ఎలా ఉంది?" అని అడిగాడు ఇతను.

"బాగానే ఉంది. అరటిపండు బ్రెడ్ చేసింది నీకోసం. ప్రాణం పోసిన మనిషికి ఇచ్చి రమ్మంది." పొట్లం కౌంటర్ మీద పెట్టాడు. "ఆ రోజు నాకొక చప్పుడు వినపడింది. అది నువ్వు నొక్కితే వచ్చిందేనా?"

భయపడ్డానని చెప్పొచ్చు. చెయ్యి జారిందని చెప్పొచ్చు. నేనైతే ఆ రెండింట్లో ఒకటి అనేవాణ్ణి.

"అవును. నొక్కాను."

ఆ పెద్దమనిషి తలూపాడు. "నేనూ ట్రక్కులో గన్ ఒకటి పెట్టుకుని తిరుగుతాను. నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు. నీ మీద కోపం లేదు. మా ఆవిడకి చెప్పలేదు, చెప్పను కూడా. నువ్వు అవునంటావో కాదంటావో తెలుసుకుందామని వచ్చాను, అంతే." టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగాడు. "కాఫీకి మాత్రం ఇంక ఇక్కడికి రాలేను. ఏమనుకోకు."

అతను వెళ్ళాక తమ్ముడు ఆ పొట్లాన్ని ముట్టుకోలేదు. నేనే తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. అతను తినలేదు, పారెయ్యనూ లేదు. నెల తర్వాత చూస్తే బూజు పట్టి అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఆ డ్రైవర్‌కి ఇతను ఇచ్చిన జవాబు విన్నాక ఇంక నోరు మూసుకుని కూర్చోలేకపోయాను. మూడు తూటాల సంగతి, నోట్‌బుక్ సంగతి, ఎనిమిది నెలలు పార్శిల్ రాని సంగతి, సంఘంలో అతను అడిగినప్పుడు గుర్తొచ్చి కూడా చెప్పని సంగతి.

"అయితే మీరు నిజం రాసుంటే నేను ఇది కొనేవాణ్ణి కాదు."

"కాదు."

"ఇంకోటి, మంచిది కొనేవాణ్ణి."

"అవును తమ్ముడూ."

"అది పేలేది."

బయట ఎవరో పెట్రోలు నింపుకుంటున్నారు. పంపు చప్పుడు లోపలికి వినపడుతోంది.

"మిమ్మల్ని తిట్టాలా అన్నా, మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలా? నాకు తెలియట్లేదు. మీరు ఇంటికెళ్ళండి."

అతను నన్ను గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజు కారు నడుపుతూ అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. నా తప్పు వల్ల ఒక మనిషి చచ్చి ఉంటే, దాన్ని ఎలా మోయాలో కనీసం తెలిసేది. నా తప్పు వల్ల ఒక మనిషి బతికాడు. ఆ పిస్టల్ ఇంకెవరి చేతుల్లో ఉందో, వాళ్ళకి నిజంగా అవసరమైన రోజు అది ఏం చేస్తుందో నాకు తెలీదు. ఒక మంచి జరిగిందని దీన్ని తుడిచేసుకోవడానికి లేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, క్రీస్తు మరణాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మా సంఘం ఒక అమెరికన్ చర్చి వెనక హాలు అద్దెకి తీసుకుని మధ్యాహ్నాలు కూడుకుంటుంది. రొట్టె పళ్ళెం తమ్ముడి దగ్గరికి వచ్చినప్పుడు, తాను తగనన్నట్టు తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించాడు. ఆరాధన అయ్యాక, జరిగింది అప్పటికే తెలిసిన పాస్టర్ గారు అతని పక్కన కూర్చున్నారు. నేను ఒక వరస వెనకే ఉన్నాను.

"దేవుడు కాపాడాడు బ్రదర్. నువ్వు చంపలేదు కదా" అన్నారాయన.

"చంపకపోవడం నేను చేసిన పని కాదు పాస్టర్ గారూ. నేను చేసింది నొక్కడం."

పాస్టర్ గారు ఇంకేమీ అనలేదు. చాలాసేపు అతని వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. ఆయన్ని ఎన్నో విషయాల్లో విమర్శించిన నేను, ఆ మౌనాన్ని మాత్రం ఇప్పటికీ గౌరవిస్తాను.

ఆ వారమే ఆ రివ్యూ మార్చి రాశాను. అప్పట్లో తీసిన ఆ మూడు తూటాల ఫోటోలు దొరకలేదు గానీ, నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పెట్టాను. ఉచితంగా వచ్చిన పిస్టల్స్ అన్నీ ఏవేవో రాశాను. నా మాట నమ్మి కొన్నవాళ్ళు మంచి తూటాలతో కనీసం రెండు వందలు పేల్చి చూడమని, ఒక్కసారి టిక్ మన్నా వెనక్కి పంపమని రాశాను. స్టోర్‌లో ఏం జరిగిందో మాత్రం రాయలేదు. అది చెప్పే హక్కు నాది కాదు.

చాలామంది నమ్మలేదు. పోటీ కంపెనీ ఎంతిచ్చింది అని ఒకరు అడిగారు. నాది వెయ్యి పేల్చాను, ఒక్కటీ ఆగలేదు, నీకు గన్ పట్టుకోవడం రాదు అని ఇంకొకరు. కంపెనీ వాళ్ళు మునుపటంత మర్యాదగానే, ఇకమీదట పంపలేమని రాశారు. పాత రివ్యూలో నా వాక్యాన్ని కాపీ చేసి అమ్మకం పేజీల్లో పెట్టుకున్నవాళ్ళు దాన్ని తీసెయ్యలేదు. నేను మెయిల్ రాసినా జవాబు లేదు. నేను సరిదిద్దింది చదివినవాళ్ళకంటే నేను తప్పు రాసింది చదివినవాళ్ళే ఎక్కువ. వేసవికి ముందే రాయడం మానేశాను. ఎవరైనా రివ్యూలని నమ్మొచ్చా అని అడిగితే, రాసినవాడు ఏది చెప్పాడో కాదు, ఏది చెబితే అతనికి నష్టమో అది చెప్పాడా లేదా చూడండి అంటాను. ఈ మాట నేను చెబుతుంటే నాకే వినబుద్ధి కాదు.

తమ్ముడు ఆ ఏడాదే స్టోర్ అమ్మేశాడు. భార్యకి న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గర ఒక ఫార్మా ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. వాళ్ళు వెళ్ళే రోజు ట్రక్కులో సామాన్లు ఎక్కించడానికి వెళ్ళాను. మంచం, సోఫా, వంట సామాన్లు అన్నీ ఎక్కించాం. అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. ఇటు పట్టుకోండి అన్నా, కాస్త వంచండి అన్నా. అంతా అయ్యాక అతను నన్ను కౌగిలించుకున్నాడు. క్షమించాననలేదు, నేనూ అడగలేదు. అతని భార్య మాత్రం కారెక్కే ముందు నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు అది పేలి ఉంటే ఈ మనిషి నాకు మిగిలేవాడు కాదు. ఇప్పుడు సగమైనా ఉన్నాడు."

రెండేళ్ళయింది. ఆమెకి నెలకోసారి ఫోన్ చేస్తాను. అక్కడా తెలుగు సంఘం ఉంది, వెళ్తున్నారు. అతను వెనక వరసలో కూర్చుంటాడట, రొట్టె తీసుకోడట. ఒక వేర్‌హౌస్‌లో లెక్కలు చూసే పని దొరికిందట. జనంతో మాట్లాడక్కర్లేని పని అని ఇష్టపడుతున్నాడట.

మొన్న నేను ఫోన్ చేసినప్పుడు ఆమె, "ఉండండి అన్నయ్యా, పక్కనే ఉన్నారు" అంది. వద్దులే అనేలోగా, ఈ రెండేళ్ళలో మొదటిసారి, అతని గొంతు వినపడింది. "ఎలా ఉన్నారన్నా?" అన్నాడు. బాగున్నానన్నాను. అక్కడ మంచు పడిందా అని అడిగాను. ఇంకా పడలేదన్నాడు. ఇక్కడ వాన ఎక్కువగా ఉందని చెప్పాను. అలా ఓ ఐదు నిమిషాలు వానల గురించే మాట్లాడుకున్నాం. తర్వాత అతను ఫోన్ భార్యకి ఇచ్చేశాడు.